పిరికి పాదిరి ప్రయాణం

పాదిరులను ఎగతాళి చేసే కథలంటే మనలో చాలామందికి కోపం. అయితే ఈ కథ రాసినవాడు పాస్టరు కుమారుడే. జర్మన్ రచయిత జాన్ పాల్ (1763–1825) లైప్‌జిగ్‌లో వేదాంత విద్య మొదలుపెట్టి, మధ్యలో విడిచి కలం పట్టాడు. సైనిక పాదిరి ష్మెల్ట్‌స్లె ఫ్లేట్జ్ పట్టణానికి చేసిన ప్రయాణాన్ని 1809లో ప్రచురించాడు. 1827లో థామస్ కార్లైల్ దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు.

కథ చెప్పేది ష్మెల్ట్‌స్లే. అతని మొదటి పేరు అట్టిలా, అంటే హూణుల రాజు పేరు! యుద్ధం వేళ పారిపోయాడన్న పుకారు పుట్టింది. తాను ధైర్యవంతుడినని నిరూపించడానికి స్నేహితులకు ఈ ఉత్తరం రాస్తాడు. సేనాధిపతిని కలిసి, క్యాటకిజం బోధించే ఆచార్య పదవి అడగాలని ఫ్లేట్జ్‌కు బయలుదేరాడు. పదవి ఇంకా చేతికి రాలేదు, ఉత్తరం పైన మాత్రం కాబోయే ఆచార్యుడని ముందే వేసుకున్నాడు.

నిర్మలాకాశం నుండి కూడా పిడుగు పడవచ్చని, పిడుగును ఆపే గొడుగు పట్టుకుంటాడు. బండిలో తోటి ప్రయాణికులందరి మీదా అనుమానమే. ప్రతి భయానికీ ఒక కారణం చూపుతాడు, అదీ పాండిత్యంతో! అక్కడే మాకు గుచ్చుకుంది. సంఘంలో మాట్లాడవలసిన చోట మౌనంగా ఉండి, దానికి వివేకమని పేరుపెట్టిన సందర్భాలు మాకూ గుర్తున్నాయి. చివరికి సేనాధిపతి అతని మనవి తోసిపుచ్చాడు.

పుస్తకంలో అధోజ్ఞాపికల వరుస కూడా తలక్రిందులే. అంకెలు క్రమం తప్పి ఉంటాయి, పైనున్న కథతో వాటికి పొత్తు కుదరదు. అది రచయిత కావాలని చేసిన చిలిపితనం.

ఒక భయాన్ని మాత్రం మేము నవ్వి వదలలేకపోయాం. నిశ్శబ్దంగా ఉన్న ఆలయంలో ఉన్నట్టుండి కేక వేస్తానేమో, పరిశుద్ధ సంస్కార సమయంలో నవ్వేస్తానేమో అని ష్మెల్ట్‌స్లె వణికిపోతాడు. వద్దనుకున్నకొద్దీ ఆ తలంపు గట్టిపడుతుంది. ప్రభువు బల్ల దగ్గర చెడ్డ తలంపులు వస్తున్నాయని, తమకిక క్షమాపణ లేదేమోనని కన్నీళ్లతో మా దగ్గరకు వచ్చిన విశ్వాసులున్నారు. పాపం చేయాలన్న కోరిక వేరు, చేస్తానేమోనన్న భయం వేరు. అలా వచ్చిన ఒక సహోదరికి ఈ భాగాన్ని తెలుగులో చెప్పి వినిపించాం. ఆమె చాలాసేపు నవ్వింది. తరువాతి ఆదివారం బల్లకు వచ్చింది.