ఓడనుండి కారునకు: టార్క్ కన్వర్టరు కథ

పెట్రోలు ఇంజనునకు ఒక దౌర్బల్యము కలదు. ఆవిరియంత్రము నిలిచియున్న స్థితినుండియే బలముగా లాగగలదు. పెట్రోలు ఇంజను మాత్రము తాను వేగముగా తిరుగుచున్నప్పుడే బలము చూపును. ఆగకుండ తిరుగు ఇంజనునకును, కదలక నిలిచిన బండికిని సంధి కూర్చుట యెట్లు? క్లచ్చి, పండ్లచక్రములు ఒక సమాధానము; ద్రవము మరియొక సమాధానము. విశేషమేమనగా ఈ రెండవది కారుకొరకు పుట్టలేదు, ఓడకొరకు పుట్టినది.

ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఓడలలో ఆవిరి టర్బైనులు ప్రవేశించెను. టర్బైను అతివేగముగాను, ఓడను నడుపు పంకా నెమ్మదిగాను తిరిగిననే లాభము. అంతటి శక్తిని మోయగల పండ్లచక్రములను చేయుట నాడు దుష్కరము. నాటి జర్మనీలోను, నేటి పోలండులోను ఉన్న స్టెట్టిన్ రేవున, వుల్కాన్ ఓడల కర్మాగారములో ఇంజనీరైన హెర్మన్ ఫ్యోటింగరు ఈ చిక్కును విప్పబూనెను. ఒక పంపు నీటిని తోయగా ఆ నీరు టర్బైనును త్రిప్పవలెను. నడుమ గొట్టములున్నచో వానిలోనే శక్తి వృథా యగును. కావున అతడు గొట్టములను తొలగించి, రెండు చక్రములను ఒకే గుల్లలో చేర్చి, వానితో కదలని రెక్కలచక్రమును కూడ అమర్చెను. ద్రవము ఈ మూడవ చక్రమును ఆనుకొని దిశ మార్చుకొనుటవలననే త్రిప్పుబలము హెచ్చును. ఈ కల్పనకు 1905లో పేటెంటు కోరబడెను.

కాలక్రమమున పండ్లచక్రముల పనితనము మెరుగుపడగా ఓడలు దీనిని విడిచెను. సముద్రము కాదన్న సాధనమును నేల ఆదరించెను. 1930 తరువాత ఇంగ్లండులో లేలండు బస్సులు స్వీడను ఇంజనీరగు లిషోల్మ్ పద్ధతిని కైకొనెను. 1939లో ఓల్డ్స్‌మొబీలు స్వయంచాలక గేరుపెట్టెలో బలమును హెచ్చింపని ద్రవసంధి మాత్రమే యుండెను; 1948లో బ్యూక్ డైనాఫ్లో అసలు కన్వర్టరునే తెచ్చెను. 1949లో ప్యాకార్డు, వేగమందుకొన్న పిదప నూనెజారుడు లేకుండ రెండు చక్రములను బిగించు క్లచ్చిని చేర్చెను.

పాతకారును స్వయముగా పునర్నిర్మించుకొనువారికి ఈ చరిత్ర నేడును ఉపకరించును. బ్రేకు త్రొక్కి, బండిని కదలనీయక పూర్తిగా పెట్రోలిచ్చినచో ఇంజను ఎంత వేగమునకు చేరి నిలుచునో అదియే స్టాల్ వేగము. ఈ అంకె ఎంత హెచ్చైన అంత మేలని తలచుట పొరపాటు. హెచ్చు వేగముననే బలమిచ్చు ఇంజనునకు తక్కువ స్టాల్ కన్వర్టరు తగిలించినచో బయలుదేరునప్పుడే అది నీరసించును. సామాన్యమైన ఇంజను, బరువైన బండి ఉండగా హెచ్చు స్టాల్ పెట్టినచో నూనె నిరంతరము జారి, కాగి, గేరుపెట్టెనే చెరచును.

స్టాల్ వేగము కన్వర్టరునకు మాత్రమే చెందిన గుణము కాదు. ఇంజను త్రిప్పుబలము రెట్టింపైనచో అదే కన్వర్టరు స్టాల్ వేగము సుమారు 1.4 రెట్లగును. అడ్డుకొలత ప్రభావము మరింత తీవ్రము: తక్కినవన్నియు సమానమైనచో, ఒకే వేగమున 12 అంగుళములది మోయు బలములో 10 అంగుళములది సుమారు ఐదింట రెండు వంతులే మోయును.

కావున కొనుటకు ముందు ఇంజను ఏ వేగమున బలమిచ్చునో, బండి బరువెంతో, వెనుక ఇరుసు గేరు నిష్పత్తి యేమో, చక్రముల పరిమాణమెంతో, బండి ఊరిలో తిరుగునో పందెములో పరుగెత్తునో తేల్చుకొనవలెను. ఫ్యోటింగరు టర్బైనును మాత్రమే చూడలేదు. పంకాను కూడ చూచెను. ఇరుపక్షముల మాటయు వినినవాడే మంచి మధ్యవర్తిని ఎన్నుకొనగలడు.