మీ యాప్‌లో ఎన్ఏవీ రోజూ ఎందుకు మారుతుంది? యూఎస్-64 కథ

ఈ రోజు ఎపిసోడ్ ఒక మెసేజ్‌తో మొదలుపెడతాను. ఫస్ట్ జాబ్‌లో ఉన్న ఒక తమ్ముడు పెట్టాడు. "అన్నా, నెలకి రెండు వేలు ఎస్ఐపీ వేస్తున్నా. యాప్ ఓపెన్ చేస్తే నిన్న ప్లస్, ఇవాళ మైనస్. టెన్షన్‌గా ఉంది. రేటు కదలకుండా ఉండే ఫండ్ ఏదైనా ఉంటే చెప్పు."

తమ్ముడూ, అలాంటి ఫండ్ మన దేశంలో నిజంగానే ఉండేది. దాదాపు నలభై ఏళ్లు నడిచింది. మన తాతల కాలంలో డబ్బు దాచుకునే ఉద్యోగస్తుల ఇళ్లలో "యూనిట్లు" అంటే చాలావరకు అదే. దాని పేరు యూనిట్ స్కీమ్ 1964, అందరూ యూఎస్-64 అనేవాళ్లు.

1963లో పార్లమెంటు ఒక ప్రత్యేక చట్టం చేసి యూనిట్ ట్రస్ట్ ఆఫ్ ఇండియాని పెట్టింది. 1964 జూలైలో ఈ స్కీమ్ వచ్చింది. యూనిట్ ముఖ విలువ 10 రూపాయలు. ఆలోచన మంచిదే. టీచరో, గుమాస్తానో సొంతంగా షేర్లు కొనలేరు, వాటి గురించి తెలియదు కూడా. అందరి దగ్గరా కొంచెం కొంచెం తీసుకుని ఒక పెద్ద సంస్థ పెట్టుబడి పెడుతుంది, లాభాన్ని పంచుతుంది. ఇవాళ మనం మ్యూచువల్ ఫండ్ అంటున్నది ఇదే. 1987లో ఎస్‌బీఐ ఫండ్ వచ్చేదాకా దేశంలో ఈ పని చేసింది యూటీఐ ఒక్కటే.

తేడా ఎక్కడుందంటే రేటులో. యూఎస్-64 యూనిట్ ఎంతకి అమ్మాలి, ఎంతకి వెనక్కి కొనాలి అనేది యూటీఐ తనే నిర్ణయించేది. జూలైలో తక్కువ రేటు, అక్కడి నుంచి నెలనెలా కొన్ని పైసలు పెరుగుతూ మే దాకా వెళ్లేది. జూన్‌లో పుస్తకాలు మూసేవాళ్లు, జూలైలో డివిడెండ్ ప్రకటించేవాళ్లు. ఫండ్ లోపల ఉన్న షేర్లూ బాండ్ల విలువ ఆ రోజు ఎంత అన్నదానితో ఈ రేటుకి నేరుగా లింకు లేదు. సర్వర్‌లో డేటా మారిపోయినా స్క్రీన్ మీద పాత నంబరే చూపించే యాప్ లాంటిది. ఆ బగ్‌ని జనం బగ్ అనుకోలేదు, ఫీచర్ అనుకున్నారు. రేటు తగ్గదు కదా, ఇంక రిస్క్ ఏముంది అని.

డివిడెండ్ సంగతి కూడా ఒక్క నిమిషం చూడండి. 1990ల మధ్యలో 26 శాతం దాకా ఇచ్చారు. వినడానికి బ్యాంకు ఎఫ్‌డీ కంటే ఎక్కడో ఉంది. కానీ ఆ శాతం 10 రూపాయల ముఖ విలువ మీద. అంటే యూనిట్‌కి 2 రూపాయల 60 పైసలు. మీరు ఆ యూనిట్‌ని 15 రూపాయలకి కొని ఉంటే మీకు వచ్చింది 17 శాతం కాస్త పైన. అప్పటికి అదీ తక్కువేం కాదు, కానీ 26 మాత్రం కాదు. ఏ శాతం విన్నా "దేని మీద?" అని అడిగే అలవాటు నాకు ఇక్కడి నుంచే వచ్చింది.

ఇలా ఏటా మంచి డివిడెండ్ ఇవ్వాలంటే మంచి రాబడి రావాలి. మొదట్లో ఎక్కువగా బాండ్లలో ఉన్న ఫండ్ మెల్లగా షేర్ల వైపు జరిగింది. 1990ల చివరికి సగానికి పైగా షేర్లే. లోపల షేర్లు, బయట మాత్రం ఎఫ్‌డీ లాంటి స్థిరమైన రేటు. నా దృష్టిలో అసలు తప్పు ఇదే. షేర్లు కొనడం తప్పు కాదు, వాటి ఊగిసలాటని జనానికి కనపడకుండా దాచడం తప్పు.

1998లో మార్కెట్ పడింది. ఆ ఏడాది జూన్ చివరికి స్కీమ్ రిజర్వులు మైనస్ 1,098 కోట్లు అని బయటికొచ్చింది. గగ్గోలు పుట్టింది. దీపక్ పరేఖ్ అధ్యక్షతన కమిటీ వేశారు. రేటుని అసలు విలువకి, అంటే ఎన్ఏవీకి ముడిపెట్టండి, మూడేళ్లలో ఆ పద్ధతికి మారండి అని కమిటీ చెప్పింది. ప్రభుత్వం ఒక ప్యాకేజీతో ఆదుకుంది. తర్వాత టెక్ షేర్ల జోరులో మార్కెట్ లేచింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. రేటు మాత్రం పాత పద్ధతిలోనే నడిచింది.

2000లో టెక్ బుడగ పగిలింది. 2001 మార్చిలో కేతన్ పరేఖ్ వ్యవహారం బయటపడి మార్కెట్ ఇంకా కుంగింది.

ఇక్కడ లెక్క కొంచెం నెమ్మదిగా చేద్దాం. ఈ ఎపిసోడ్ చేస్తున్నదే దీనికోసం. ఇవి నేను వేసుకున్న ఉదాహరణ అంకెలు. ఒక ఫండ్‌లో 100 యూనిట్లు ఉన్నాయి. లోపలి ఆస్తి మొత్తం అమ్మితే 1,000 రూపాయలు వస్తుంది, అంటే యూనిట్ అసలు విలువ 10. కానీ ప్రకటించిన రేటు 14. ఇప్పుడు విషయం తెలిసినవాడు వచ్చి 40 యూనిట్లు ఇచ్చేశాడు. వాడికి 14 చొప్పున 560 కట్టాలి. మిగిలింది 440. ఇంకా 60 యూనిట్లు ఉన్నాయి. ఒక్కోటి ఎంత? 7 రూపాయల 33 పైసలు. మిగిలినవాళ్లు ఏ తప్పూ చేయలేదు, ఏ షేరూ పడలేదు. ముందు వెళ్లినవాడు వాళ్ల వాటా నుంచి పట్టుకెళ్లాడు, అంతే.

2001 ఏప్రిల్, మే నెలల్లో అచ్చంగా ఇదే జరిగింది. 4,000 కోట్లకు పైగా డబ్బు యూఎస్-64 నుంచి బయటికి వెళ్లింది. అందులో పెద్ద భాగం కంపెనీలది. చిన్న మదుపరులు కదల్లేదు. వాళ్లకి ఎవరు చెప్తారు? రేటు స్థిరంగానే కనపడుతోంది కదా.

జూలై 2న యూటీఐ ప్రకటన చేసింది. ఆరు నెలల పాటు అమ్మకాలు లేవు, తిరిగి కొనడాలూ లేవు. డివిడెండ్ 13.75 నుంచి 10 శాతానికి తగ్గింది. స్కీమ్‌లో దాదాపు 2 కోట్ల మంది మదుపరులు ఉన్నారు. అందులో రిటైరైనవాళ్లు, కూతురి పెళ్లికని దాచుకున్నవాళ్లు ఉన్నారు. చైర్మన్ పి.ఎస్. సుబ్రమణ్యం రాజీనామా చేశారు. ఒత్తిడి పెరిగాక ఆగస్టు నుంచి ఒక్కొక్కరికి 3,000 యూనిట్ల వరకు 10 రూపాయల రేటుతో వెనక్కి ఇచ్చే వీలు కల్పించారు. ఆ రేటు నెలకి 10 పైసలు పెరుగుతుందన్నారు. 2002 జనవరి నుంచి ఎన్ఏవీ ప్రకటించడం మొదలైతే అది 6 రూపాయల లోపే ఉంది. ఆ తేడాని ప్రభుత్వం, అంటే పన్ను కట్టే జనం, భరించారు.

ఇది వింటూ "అప్పటి వాళ్లు అమాయకులు" అనుకోకండి. బీటెక్ చదివి, కోడ్ రాసి బతికిన నేను 23 ఏళ్ల వయసులో "నెలకి మూడు శాతం, గ్యారంటీ" అన్న మాట నమ్మి 80 వేలు ఇచ్చాను. ఆరు నెలలు టంచనుగా అకౌంట్‌లో పడ్డాయి. ఏడో నెల ఫోన్ స్విచ్ఛాఫ్. నాకు అప్పుడు నచ్చింది కూడా తమ్ముడికి నచ్చేదే, కదలని నంబర్. ఆ రెండూ ఒకటే అని అనను. యూఎస్-64 మోసం చేయడానికి పెట్టిన స్కీమ్ కాదు. కానీ నన్ను పట్టుకున్న బలహీనత మాత్రం అదే.

అందుకే తమ్ముడూ, రోజూ రాత్రి మారే ఆ ఎన్ఏవీ ఇవాళ నువ్వు బయటికి వెళ్తే నీకు రావాల్సింది ఎంతో చెప్తోంది. నీకంటే ముందు వెళ్లే పెద్ద కంపెనీకి కూడా అదే రోజు రేటే దొరుకుతుంది, 14 దొరకదు. ఆ ఎరుపు రంగు చూసి నిద్ర పట్టకపోతే ఒక్కటి ఆలోచించు. ఏడాదిలో కావాల్సిన డబ్బు ఈక్విటీ ఫండ్‌లో పెట్టావేమో. అక్క పెళ్లి డబ్బు, ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐ, ఆరు నెలల ఖర్చు, ఇవి బ్యాంకులో ఉండనీ. ఐదేళ్లకి పైగా ముట్టనిదే ఈక్విటీకి పంపు. ఫండ్ పేరు చూసి ఆగిపోకు, ప్రతి నెలా ఇచ్చే పోర్ట్‌ఫోలియో లిస్టు తెరిచి లోపల ఏముందో చూడు. యూఎస్-64 వాళ్లకి ఆ బటనే లేదు.

ఎన్ఏవీ ఉంటే అంతా సేఫ్ అని కూడా అనుకోవద్దు. 2020 ఏప్రిల్‌లో ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ ఆరు డెట్ స్కీములు ఒక్కసారిగా మూసేసింది. వాటికి రోజూ ఎన్ఏవీ ఉంది, కానీ లోపలి బాండ్లు ఆ సమయంలో సులువుగా అమ్ముడుపోయేవి కావు. డబ్బు విడతలుగా వచ్చింది, కానీ ఎదురుచూడాల్సి వచ్చింది.

యూటీఐ ఏమైందంటే, 2003లో రెండు ముక్కలైంది. ఒకటి మామూలు మ్యూచువల్ ఫండ్ కంపెనీ అయింది, మీ యాప్‌లో ఇప్పటికీ కనపడుతుంది. రెండోదాన్ని ప్రభుత్వం పెట్టుకుంది, యూఎస్-64 లాంటి పాత స్కీముల ఆస్తులు దానికి వెళ్లాయి. అందులో ఐటీసీ, ఎల్ అండ్ టీ, తర్వాత యాక్సిస్ బ్యాంక్ అయిన యూటీఐ బ్యాంక్ షేర్లు ఉన్నాయి. తర్వాతి ఏళ్లలో అవి బాగా పెరిగాయి. వాటిని కొంచెం కొంచెంగా అమ్ముకుని ప్రభుత్వం వేల కోట్లు తెచ్చుకుంది. భయపడి 10 రూపాయలకి యూనిట్ ఇచ్చేసిన టీచర్‌కి అందులో వాటా లేదు.

ఇంట్లో అమ్మమ్మ బీరువాలో పాత యూనిట్ సర్టిఫికెట్ ఏదైనా ఉంటే పారేయకండి. ఆ డబ్బు ఎప్పుడైనా తీసుకున్నారో లేదో ఒకసారి కూర్చుని అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో ఎక్స్‌పెన్స్ రేషియో లెక్క చేద్దాం, కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి. ఉంటాను.