శ్రీహరికోట నేర్పిన పాఠం



"ఉపగ్రహం కింద ఎందుకు పడదు?" అని బడిపిల్లలు అడుగుతూ ఉంటారు. "అంత ఎత్తున భూమి ఆకర్షణ ఉండదు కదా" అని పెద్దలు చాలామంది జవాబు చెప్పేస్తారు. ఆ జవాబు సరికాదని శ్రీహరికోట చరిత్రే చెబుతోంది.

పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న ఆ దీవి నుంచి 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు మొదటిసారి లేచింది. దాని బరువు 17 టన్నులు, అంచెలు నాలుగు. రెండో అంచెలో అదుపు తప్పి, కొద్ది నిమిషాలకే సముద్రంలో పడిపోయింది. ప్రాజెక్టు డైరెక్టరు మన రామేశ్వరంలో పుట్టిన అబ్దుల్ కలాం. ఆనాడు పత్రికల వారి ముందు బాధ్యత తన మీద వేసుకున్నది ఇస్రో అధ్యక్షులు సతీష్ ధావన్. ఏడాది తిరక్కుండానే, 1980 జూలై 18న, అదే రకం రాకెట్టు 35 కిలోల రోహిణిని కక్ష్యలో నిలిపింది.

రెండింటినీ లాగింది ఒకే భూమి. మరి తేడా ఎక్కడ? అడ్డంగా సాగే వేగంలో. వదిలేసిన ఏ వస్తువైనా మొదటి సెకనులో సుమారు 5 మీటర్లు పడుతుంది. భూమి గుండ్రం కాబట్టి, తిన్నగా 8 కిలోమీటర్లు సాగేసరికి నేల కూడా దాదాపు 5 మీటర్లు కిందికి వంగుతుంది. అంటే సెకనుకు సుమారు 8 కిలోమీటర్ల వేగం ఉంటే, వస్తువు ఎంత పడుతున్నా నేల అందదు. కొండ మీది నుంచి పేల్చిన ఫిరంగి గుండును ఉదాహరణగా తీసుకుని న్యూటన్ ఏనాడో చెప్పిన మాట ఇదే. మొదటి రాకెట్టుకు ఆ వేగం దక్కలేదు, రెండోదానికి దక్కింది.

రోహిణి కక్ష్యలో భూమికి దగ్గరి చోటు సుమారు 300 కిలోమీటర్ల ఎత్తు. అక్కడ కూడా నేల మీది ఆకర్షణలో పదింట తొమ్మిది వంతులు ఉంటుంది. ఆ ఆకర్షణే లేకపోతే రోహిణి తిన్నగా సాగిపోయి మళ్లీ కనిపించేది కాదు.

మరి 1984లో రాకేశ్ శర్మ అంతరిక్ష కేంద్రంలో తేలియాడారు కదా? చేంతాడు తెగి బావిలోకి పడుతున్న చేదను తలచుకోండి. చేద, అందులోని నీళ్లు కలిసే పడతాయి, కాబట్టి నీళ్లు చేద అడుగును నొక్కవు. శర్మగారూ ఆయన ఉన్న కేంద్రమూ అలాగే కలిసి పడుతున్నాయి. కాటా మీద నిలుచున్నా ముల్లు సున్నా దగ్గరే ఆగుతుంది. ఒంట్లోని పదార్థం మాత్రం రవ్వంతైనా తగ్గదు.

కాబట్టి ఈసారి పిల్లలు అడిగితే, ఉపగ్రహం పడుతూనే ఉందని, అందుకే తిరుగుతోందని చెబుదాం.