దావియ్యాలు: హోదాలు, దుస్తులు, చిహ్నాలు

సిలువ యుద్ధాల కాలపు అరబ్బు చరిత్రకారులు ఫ్రాంకు సైన్యాలలో రెండు వర్గాలను ప్రత్యేకంగా పేర్కొంటారు: దావియ్యాలు, ఇస్బితారియ్యాలు. రెండవవారు రోగుల సేవతో ఆరంభమైన హాస్పిటలర్లు. మొదటివారు టెంప్లర్లు. బైతుల్ మఖ్దిస్ 1099 (హి. 492)లో ఫ్రాంకుల వశమైన తరువాత, 1119 ప్రాంతంలో కొందరు యోధులు సన్యాసుల మాదిరి ప్రతిజ్ఞలు చేసి, యాత్రికుల రక్షణకై ఈ సంఘాన్ని స్థాపించారు. రాజు రెండవ బాల్డ్విన్ వారికిచ్చిన నివాసం సాక్షాత్తు మస్జిదె అఖ్సాయే. ఫ్రాంకులు దానిని హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) ఆలయంగా భావించినందున 'ఆలయ వీరులు' అనే అర్థంలో వారికి ఆ పేరు వచ్చింది.

1129లో ఫ్రాన్సులోని ట్రువా పట్టణంలో జరిగిన మతసభ వారి నియమావళిని ఆమోదించింది. అందులో దుస్తులకు దక్కిన ప్రాధాన్యం ఆశ్చర్యం గొలుపుతుంది. తెల్లని పైవస్త్రం వీరులకే పరిమితం. సార్జెంట్లనే సామాన్య భటులకు నలుపు లేక గోధుమ రంగు. 1147 ప్రాంతంలో పోప్ మూడవ యూజీనియస్ అనుమతితో ఎర్ర సిలువ చేరింది. మొనదేలిన చెప్పులు, ఖరీదైన ఉన్ని తోళ్లు నిషిద్ధం. వీరవంశంలో పుట్టినట్లు అబద్ధమాడి చేరినవాని తెల్లవస్త్రాన్ని ఊడదీసి గోధుమ రంగుది ఇచ్చిన ఉదంతం కూడా వారి నియమావళిలోనే ఉంది. పేదరికాన్ని ప్రతిజ్ఞ చేసినవారు వంశాన్ని మాత్రం వదలలేకపోయారన్నమాట!

సంఘాధిపతి మాస్టర్. ఆయనకు ప్రతినిధి సెనెషల్. యుద్ధంలో ఆయుధాలు, గుర్రాలు మార్షల్ అధీనం. ఆ తరువాతి స్థానం వస్త్రాధికారిది. ఎవరి వస్త్రమూ మరీ పొడవుగానో, మరీ పొట్టిగానో లేకుండా చూడటం అతని విధి. ఘోరమైన తప్పు చేసినవానికి వస్త్రం తీసివేయడమే పెద్ద శిక్ష. నలుపు తెలుపుల పతాకం రణరంగంలో ఎగురుతున్నంతసేపు ఎవరూ వెనుదిరగరాదు. వారి ముద్రపై ఒకే గుర్రంపై ఇద్దరు వీరులు కనిపిస్తారు. అది పేదరికానికి గుర్తని చెప్పేవారు. కాని అదే నియమావళి ప్రతి వీరునికీ మూడేసి గుర్రాలను అనుమతించింది.

షైజర్ అమీరు ఉసామా ఇబ్న్ మున్ఖిజ్ తన జ్ఞాపకాలలో టెంప్లర్లను మిత్రులుగా ప్రస్తావించాడు. ఆయన నమాజు కోసం వారు అఖ్సా పక్కనున్న చిన్న మస్జిదును ఖాళీ చేసి ఇచ్చేవారు. ఒకసారి కొత్తగా వచ్చిన ఒక ఫ్రాంకు ఆయన ముఖాన్ని బలవంతంగా తూర్పుకు తిప్పగా, టెంప్లర్లే అతన్ని లాగివేసి, క్షమాపణ చెప్పారు.

అయినా 1187 జూలై 4న హిత్తీన్‌లో చిక్కిన టెంప్లర్లను, హాస్పిటలర్లను సుల్తాన్ సలాహుద్దీన్ వధింపజేశాడు. సుల్తాను కొలువులోని ఇమాదుద్దీన్ ఇస్ఫహానీయే దీన్ని వ్రాశాడు. టెంప్లర్ల మాస్టర్‌ను మాత్రం ప్రాణాలతో ఉంచారు. సుల్తాను ఔదార్యాన్ని కొనియాడే రచనలు ఈ ఘట్టాన్ని దాటివేస్తుంటాయి. అది న్యాయం కాదు. యుద్ధమే వృత్తిగా గలవారిని విడిచిపెడితే మళ్లీ ఎదురు నిలుస్తారన్న భయం ఆ ఆజ్ఞ వెనుక కనిపిస్తుంది.

అదే ఏడు రజబ్ 27న బైతుల్ మఖ్దిస్ తిరిగి ముస్లిముల వశమైంది. మెహ్రాబ్‌కు అడ్డంగా టెంప్లర్లు కట్టిన గోడను తొలగించారు. నూరుద్దీన్ జంగీ చేయించిన మింబర్‌ను హలబ్ నుండి తెప్పించి నిలిపారు.

1312లో పోప్ ఐదవ క్లెమెంట్ ఆ సంఘాన్ని రద్దు చేశాడు. పోర్చుగల్‌లో వారి ఆస్తులు 1319లో నెలకొల్పిన 'క్రీస్తు సంఘాని'కి సంక్రమించాయి. ఆ సంఘపు ఎర్ర సిలువ గుర్తునే తెరచాపలపై ధరించి పోర్చుగీసు ఓడలు మలబారు తీరానికి వచ్చాయి.