పశువుల మేత నుండి గుండె పథ్యం వరకు

గుండె లయ తప్పి కొట్టుకొనే రోగికి రక్తం గడ్డకట్టకుండా మందు వ్రాసి ఇచ్చేటప్పుడు వైద్యుడు తరచుగా ఒక ప్రశ్న వేస్తాడు. “మీ ఇంట్లో ఆకుకూరల వాడకం ఏపాటి?” అని. ఉప్పును గురించి గాని, నేతిని గురించి గాని అడిగితే ఇంటివారికి సబబుగా తోచేది. తోటకూరకూ గుండెకూ సంబంధమేమిటి? ఈ ప్రశ్న అర్థం కాక, ఎందుకైనా మంచిదని ఆకుకూరను పూర్తిగా మానుకొన్న కుటుంబాలు మన చుట్టుపక్కల లేకపోలేదు. ఆ భయం ఎంతవరకు సమంజసమో తెలియాలంటే ఒక నూరేండ్ల వెనుకకు వెళ్లి, పశువుల కొట్టంలోనూ కోళ్ల గూటిలోనూ జరిగిన రెండు కథలను కలిపి చదువుకోవాలి.

ముందుగా వ్యాధిని గురించి రెండు మాటలు. ఆరోగ్యవంతుని గుండెలో పై గదులైన కర్ణికలు, క్రింది గదులైన జఠరికలు ఒక తాళానికి లోబడి ముడుచుకొంటాయి. కొందరిలో కర్ణికలు ముడుచుకొనడానికి బదులు గాలికి రావి ఆకువలె అదురుతూ ఉంటాయి. అప్పుడు నాడి ఒక లెక్క లేకుండా నడుస్తుంది. హాలెండు శాస్త్రజ్ఞుడు ఐంతోవెన్ తాను నిర్మించిన యంత్రంతో ఇటువంటి గుండె గీతను తీసి 1906లో ప్రకటించినాడు. ఇంగ్లండులో థామస్ లూయిస్ 1909లో, ఈ అదురుపాటు అరుదైన వింత కాదనీ, సామాన్యంగా కనిపించే వ్యాధేననీ నిరూపించినాడు. దీనిలో ప్రమాదం దడ ఒక్కటే కాదు. అదిరే గదిలో రక్తం సరిగా కదలక నిలిచిపోతుంది. నిలిచిన రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ కదలి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. కనుక రోగిని కాపాడాలంటే రక్తం త్వరగా గడ్డకట్టకుండా చూడాలి. ఆ ఉపాయం మనిషికి పశువుల వలన తెలిసినది.

1920వ దశకం ఆరంభంలో కెనడాలోను, అమెరికా ఉత్తర రాష్ట్రాలలోను పశువులు అకారణంగా రక్తస్రావంతో చనిపోసాగినవి. కొమ్ములు కోసినా, చిన్న గాయమైనా నెత్తురు ఆగేది కాదు. ఆ ప్రాంతపు రైతులు స్వీట్‌క్లోవర్ అనే మొక్కను మేతకు పెంచేవారు. మన పిల్లిపెసర వలె అది కూడా చిక్కుడు జాతిలోనిదే. ఆంటేరియో పశువైద్య కళాశాలలోని ఫ్రాంక్ స్కోఫీల్డ్ ఒకే వామిలోని గడ్డిని రెండు పాళ్లుగా ఏరించినాడు. మంచి కాడలు ఒక కుందేటికి, బూజుపట్టి చెడిన కాడలు ఒక కుందేటికి పెట్టినాడు. మొదటిది బ్రతికినది, రెండవది రక్తం కారి మరణించినది. దోషం మొక్కలో లేదు, తడిసి బూజుపట్టిన మేతలో ఉన్నదని తేలినది. ఉత్తర డకోటాలో రోడరిక్ అనే పశువైద్యుడు, ఈ పశువుల రక్తంలో గడ్డకట్టడానికి అవసరమైన ప్రోత్రాంబిన్ అనే పదార్థం తరిగిపోతున్నదని కనుగొన్నాడు.

1933 ఫిబ్రవరిలో ఒక శనివారం విస్కాన్సిన్ రాష్ట్రపు రైతు ఒకడు మంచు తుపానుకు వెరవక, దాదాపు 190 మైళ్లు ప్రయాణం చేసి మాడిసన్ నగరం చేరినాడు. అతని బండిలో చనిపోయిన పెయ్య, గడ్డకట్టని రక్తంతో నిండిన పాలక్యాను, చెడిన గడ్డిమోపు ఉన్నవి. అతడు తట్టిన తలుపు విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రజ్ఞుడు కార్ల్ పాల్ లింక్ ప్రయోగశాలది. ఆనాడు లింక్ చెప్పగలిగినది ఒక్కటే: ఆ గడ్డి పెట్టవద్దు, వీలైతే పశువులకు మంచి రక్తం ఎక్కించుము అని. ఆ రైతు నిరాశతో తిరిగి వెళ్లినాడు గాని, ప్రశ్న మాత్రం ప్రయోగశాలలో నిలిచిపోయినది. ఆరేండ్ల శ్రమ తరువాత, 1939లో, లింక్ సహచరుడు కాంప్‌బెల్ ఆ గడ్డిలోని దోషపదార్థాన్ని స్ఫటికాలుగా వేరుచేసినాడు. అదే డైకూమరాల్. గడ్డికి సువాసన నిచ్చే కూమరిన్ అనే ద్రవ్యమే బూజు చేరినప్పుడు ఇట్లా మారుతున్నది.

దీని ననుసరించి లింక్ బృందం తయారుచేసిన మరొక ద్రవ్యానికి, పరిశోధనకు ధనమిచ్చిన విస్కాన్సిన్ సంస్థ పేరులోని పొడి అక్షరాలతో వార్ఫరిన్ అని పేరు పెట్టినారు. 1948లో అది ఎలుకల మందుగా బజారుకు వచ్చినది. 1951లో అమెరికా సైన్యంలో చేరిన ఒక యువకుడు ప్రాణం తీసుకోదలచి ఈ మందు మింగినాడు. వైద్యులు విటమిన్ కె ఇచ్చి అతనిని బ్రతికించినారు. విరుగుడు ఉన్నదని ఈ విధంగా రూఢి కావడంతో మనుష్యులకు వాడే ధైర్యం హెచ్చినది. 1954లో అమెరికాలో దీనిని మనుష్యుల చికిత్సకు అనుమతించినారు. 1955లో గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవరుకు కూడా ఇదే ఇచ్చినారు.

మరి ఆ విరుగుడు ఎక్కడిది? ఇక్కడ రెండవ కథ ఆరంభమవుతున్నది. డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగన్‌లో హెన్రిక్ డామ్ అనే శాస్త్రజ్ఞుడు 1929లో కోడిపిల్లలకు కొవ్వు లేని మేత పెట్టి పరీక్షలు చేస్తున్నాడు. ఆ పిల్లలకు చర్మం క్రింద రక్తం స్రవించసాగినది. నిమ్మరసం పనిచేయలేదు, తెలిసిన విటమిన్లేవీ పనిచేయలేదు. ఆకుపచ్చని పదార్థాలు, కాలేయం పెట్టినప్పుడు మాత్రం పిల్లలు కోలుకొన్నవి. రక్తాన్ని గడ్డకట్టించే ఈ కొత్త విటమిన్‌కు, గడ్డకట్టుట అనే అర్థం గల డేనిష్ మాటలోని మొదటి అక్షరాన్ని బట్టి 1935లో ‘కె’ అని పేరు పెట్టినాడు. 1939లో అమెరికాలో డాయిసీ దానిని లూసర్న్ గడ్డి నుండి శుద్ధరూపంలో తీసినాడు. ఇరువురికీ కలిపి 1943 సంవత్సరపు నోబెల్ బహుమానం లభించినది.

రెండు కథలూ రెండు గడ్డిపోచల కథలే. బూజుపట్టిన గడ్డి రక్తాన్ని పలుచన చేసినది. పచ్చని గడ్డి దానిని గట్టిపరచినది. కాలేయం రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలను సిద్ధపరచడానికి విటమిన్ కె కావాలి. వాడిన విటమిన్‌ను శరీరం మరల కొత్తదిగా మార్చుకొని వాడుకొంటుంది. వార్ఫరిన్ ఆ మార్పును అడ్డగిస్తుంది. అందుచేత మాత్ర ఒక తట్ట, ఆకుకూర ఒక తట్టగా త్రాసు తూగుతూ ఉంటుంది. వైద్యుని ప్రశ్నకు ఇదే మూలం.

ఆ త్రాసు ఎంత విలువైనదో కొలతలు చెబుతున్నవి. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ పట్టణవాసులను ఏండ్ల తరబడి పరిశీలించిన వైద్యులు, కవాటాల జబ్బు లేకున్నా కర్ణికల అదురు ఉన్నవారికి పక్షవాతం రాగల అవకాశం సుమారు ఐదు రెట్లు హెచ్చు అని 1978లో ప్రకటించినారు. కోళ్ల కథ జరిగిన కోపెన్‌హాగన్‌లోనే నిర్వహించిన ఒక పరీక్ష, వార్ఫరిన్ ఆ ప్రమాదాన్ని తగ్గిస్తున్నదని 1989లో చూపినది. తరువాతి పరీక్షలన్నీ కలిపి చూస్తే తగ్గుదల దాదాపు మూడింట రెండు వంతులు. అయితే మందు ఎక్కువైతే రక్తస్రావం, తక్కువైతే గడ్డ. అందుకే ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష. కర్ణికల అదురు గలవారిలో చాలామందికి ఆ అంకె 2కు, 3కు నడుమ ఉండాలి.

అట్లయితే ఆకుకూర మానుట మేలు కదా అని అనిపించవచ్చు. చరిత్ర ఇక్కడ ఒక మలుపు తిరిగినది. ఇంగ్లండులోని న్యూకాసిల్ పరిశోధకులు, ఐ.ఎన్.ఆర్. నిలకడ లేని రోగులను పరిశీలించి, వారు విటమిన్ కె తక్కువగా తింటున్నవారని 2005లో కనుగొన్నారు. అటువంటివారికి దినానికి 150 మైక్రోగ్రాముల విటమిన్ ఇచ్చి చూడగా నిలకడ పెరిగినదని 2007లో ప్రకటించినారు. తరువాతి పరీక్షలలో ఆ మేలు అంత స్పష్టంగా కనిపించలేదు గనుక ఎవరూ తమంతట తాము విటమిన్ మాత్రలు మింగరాదు. కాని భావం సుబోధకమే. కొట్టులో నిల్వ లేని ఇంటికి ఒక్క చుట్టం వచ్చినా తబ్బిబ్బే. ఆకు తినని శరీరానికి ఒక్కనాటి తోటకూర కూడా పెద్ద మార్పే. కనుక కావలసినది మానుట కాదు, నిలకడ.

మన వంటింటికి ఈ మాట ప్రత్యేకంగా వర్తిస్తుంది. పచ్చి తోటకూర 100 గ్రాములలో వెయ్యి మైక్రోగ్రాములకు పైగా, పాలకూరలో సుమారు 480, క్యాబేజీలో సుమారు 75 మైక్రోగ్రాముల విటమిన్ కె ఉన్నది. అన్నంలో, టమాటాలో చాలా స్వల్పం. మనకు ఆషాఢంలో మునగాకు తినే ఆచారమున్నది; కార్తీకంలో ఉపవాసాలున్నవి; పెండ్లిండ్ల రోజులలో భోజనమే వేరు. ఒక నెల దినదినమూ ఆకుకూర, మరునెల అసలే లేకపోవుట — ఇదే త్రాసును ఊపేది. వారానికి రెండుమార్లు ఆకు పప్పు తినే అలవాటుంటే ఆ రెండుమార్లే కొనసాగించవచ్చు. ఆహారం మార్చదలచినప్పుడు మాత్రం ముందుగా వైద్యునితో చెప్పాలి. జ్వరం వచ్చి నాలుగు దినాలు తిండి తగ్గినప్పుడు అదే మాత్ర మరింత బలంగా పనిచేస్తుంది. మూలికా ఔషధాలు, నొప్పి మాత్రలు వైద్యునికి తెలియకుండా వాడరాదు. మద్యం ఈ త్రాసునే గాక గుండె లయను కూడా చెడగొడుతుంది. ఊరగాయలలోను అప్పడాలలోను ఉన్న ఉప్పు రక్తపుపోటును పెంచి గుండెపై బరువు మోపుతుంది.

2010 తరువాత విటమిన్ కెతో నిమిత్తం లేని కొత్త మందులు వచ్చినవి. వాటిని వాడేవారికి ఆకుకూర లెక్క లేదు. అయితే వాటిలో రివరాక్సబాన్ వంటిదానిని ఈ వ్యాధికి భోజనంతో పాటే తీసుకోవాలి. పాత మందు పని మాత్రం తీరిపోలేదు. చిన్ననాటి కీళ్లవాతపు జ్వరం వలన గుండె కవాటం చెడి, దానితో లయ తప్పినవారు మన దేశంలో ఎందరో ఉన్నారు. అటువంటి రోగులు 4,500 మందికి పైగా పాల్గొన్న పరీక్షలో పాత జాతి మందే మెరుగని 2022లో వెల్లడియైనది. లోహపు కవాటం అమర్చినవారికీ అదే శరణ్యం.

కనుక తమ మాత్ర ఏ జాతిదో ఇంటిల్లిపాదీ తెలుసుకొని ఉండటం అవసరం. రైతు పాలక్యానుతో మొదలైన ప్రశ్నకు లభించిన సమాధానం ఈనాడు మన భోజనపు పళ్లెంలోనికి వచ్చినది. పళ్లెంలోని ఆకును చూచి భయపడనక్కరలేదు. నిన్న ఎంత తిన్నామో గుర్తుంచుకొని, నేడూ అంతే తిని, పరీక్ష తేదీ తప్పకుండా ఉంటే చాలును.