బడిపంతులు బాక్

‘బతకలేక బడిపంతులు’ అనే సామెతకు యూరప్‌లో ఉదాహరణ చూపించమంటే సంగీత చరిత్రకారులు చాలాకాలం జర్మనీలోని లైప్జిగ్ వైపే వేలు చూపారు. యోహాన్ సెబాస్టియన్ బాక్ 1723 నుంచి 1750లో కన్నుమూసేదాకా ఆ ఊరి సెయింట్ థామస్ బడిలో కాంటర్‌గా పనిచేశాడు. కాంటర్ అంటే చర్చిలో సంగీతం నడిపించేవాడు, బడిలో పిల్లలకు పాట నేర్పేవాడు. రెండూ ఒకే ఉద్యోగం. అంతకుముందు క్యోటెన్ రాజుగారి ఆస్థానంలో సంగీత దర్శకుడిగా వెలిగిన మనిషి, అల్లరి పిల్లల మధ్య పడి, పిసినారి నగర సభ చేతిలో నలిగిపోయాడని కథ. కథలో కొంత నిజముంది. అయితే ఆయన రాసిన అర్జీలనూ ఆయన స్వరపరిచిన కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒకటి అనిపిస్తుంది: లైప్జిగ్‌లో ఆయన కట్టిన చర్చి సంగీతానికి ఆ రూపం వచ్చింది ఆ బడి వల్లే.

ముందు నగర సభ సంగతి. 1722లో పాత కాంటర్ కూనౌ చనిపోయాక వాళ్లు కోరుకున్నది బాక్‌ను కాదు, సంగీతకర్త టెలిమాన్‌ను. ఆయన ఈ పిలుపును చూపించి హాంబుర్గ్‌లో జీతం పెంచుకుని అక్కడే ఉండిపోయాడు. తర్వాత అడిగిన గ్రౌప్నర్‌ను ఆయన ప్రభువు వదల్లేదు. మేలైనవాళ్లు దొరకనప్పుడు మధ్యరకం వాళ్లతో సరిపెట్టుకోవాలని ఒక సభ్యుడు అన్నమాట ఈరోజుకీ నవ్వులాటే. కానీ వాళ్లు వెతికింది బడికి పంతులును. బాక్ సంతకం చేసిన 14 షరతుల్లో పిల్లలకు గాత్రమూ వాద్యమూ రెండూ నేర్పాలని ఉంది, కారణం కూడా ఉంది: బయటివాళ్లను పిలిచి చర్చిలకు ఖర్చు పెంచకూడదట. లాటిన్ చెప్పడం ఇష్టంలేక బాక్ ఏటా 50 టాలర్లు తన జేబులోంచి ఇచ్చి ఆ పాఠాలు సహోద్యోగికి అప్పగించాడు. సభవాళ్ల గుర్రుకు అర్థం లేకపోలేదు.

ఇక పని ఎలా సాగేదో చూడండి. హాస్టల్లో సుమారు 55 మంది పిల్లలు. పాడాల్సిన చర్చిలు నాలుగు. పిల్లల్ని నాలుగు బృందాలుగా విడగొడితే, గట్టివాళ్లు మొదటి బృందంలోకి వచ్చేవాళ్లు, గాత్రమూ వాద్యాలూ కలిసిన బాక్ చర్చి రచనలు, అంటే కాంటాటాలు, వాళ్ల వంతు. కాంటర్ కాపురం కూడా ఆ బడి భవనంలోనే. ఆదివారానికి కొత్త కాంటాటా కావాలంటే ఆయన రాసిన మూల ప్రతిలోంచి ఒక్కో గొంతుకూ ఒక్కో వాద్యానికీ విడిగా కాగితాలు ఎత్తిరాయాలి. ఎత్తిరాసింది ఎక్కువగా విద్యార్థులే. పాత కాంటర్ అన్న కొడుకో తమ్ముడి కొడుకో అయిన యోహాన్ ఆండ్రేయాస్ కూనౌ, మైస్నర్ అనే ఇంకో కుర్రాడు, తర్వాత మరికొందరు. ఆ కాగితాల మీద పిల్లల దస్తూరీ, దాని పైన బాక్ చేత్తో దిద్దిన తప్పులు, చేర్చిన గుర్తులు ఇప్పటికీ కనిపిస్తాయి. హోంవర్కు దిద్దిన పంతులు చెయ్యి అది.

స్వరరచనలోనూ ఆ చెయ్యి ఉంది. 1724-25లో ఆయన వారం వారం కట్టిన కీర్తన కాంటాటాల మొదటి బృందగానాలు వినండి. చాలావాటిలో పైస్థాయి పాడే చిన్న పిల్లలకు దక్కేది ఊరంతా ఎరిగిన కీర్తన వరస, అదీ సాగదీసిన పొడుగాటి స్వరాల్లో. తరచు ఒక బూరా కూడా వాళ్ల వెంటే పలుకుతూ దారి చూపిస్తుంది. కింది మూడు గొంతులూ వాద్యాలూ దాని చుట్టూ అల్లికలు అల్లుతాయి. కీర్తనను ముందు నిలపడం లూథరన్ ఆచారమేనని, పిల్లల సౌకర్యం కోసం కాదని అనవచ్చు. ఒప్పుకుంటాను. కానీ ఆ ఆచారం ఒకటి రెండు సాధనలతో ఆదివారం నిలబడాల్సిన పిల్లలకు సరిగ్గా అమరింది, ఆ అమరిక తెలియనంత అమాయకుడు కాడు బాక్. మరి ఊపిరాడనివ్వని ఒంటిపాటల మాటేమిటి? ఆ కాలంలో మగపిల్లల గొంతు మారేది 16, 17 ఏళ్లకు. ఏళ్లతరబడి నేర్చిన గొంతు ఒకటో రెండో ఎప్పుడూ ఆయన చేతిలో ఉండేవి.

అసలైన అభ్యంతరం బాక్ నోటి నుంచే వస్తుంది. 1730 ఆగస్టులో ఆయన సభకు పెట్టిన అర్జీలో 54 మంది పిల్లల్ని లెక్కగట్టాడు: పనికొచ్చేవాళ్లు 17, ఇంకా తయారు కానివాళ్లు 20, ఎందుకూ పనికిరానివాళ్లు 17. అదే ఏడాది అక్టోబరులో బాల్యస్నేహితుడు ఎర్డ్‌మాన్‌కు రాస్తూ, రాబడి 700 టాలర్ల దాకా ఉందనీ, ఊళ్లో గాలి బాగుండి చావులు తగ్గితే ఆ మేరకు అంత్యక్రియల డబ్బు పడిపోతుందనీ వాపోయాడు. పిల్లలు శవయాత్రలో పాడితేనే ఆయనకూ వాటా మరి! ఇవి బడిని ద్వేషించిన మనిషి మాటలనేవాళ్లు ఆ అర్జీ చివర చూడాలి. పిల్లల్ని పేరుపేరునా మూడు వరసల్లో రాశాడు. ఇరవై మందిని ‘ఇంకా’ కాలేదని వేరుచేసి పెట్టేది నేర్పే పనిలో ఉన్నవాడే.

అలాగని ఆయన్ను ఆదర్శ ఉపాధ్యాయుణ్ని చేయనక్కర్లేదు. క్రమశిక్షణ ఆయన వల్ల కాలేదు. 1729లో నగరంలోని కొలీజియం మ్యూజికమ్ అనే సంగీత బృందం చేతికొచ్చాక కొత్త కాంటాటాలు బాగా తగ్గాయి. 1736లో బృందనాయకుడిగా ఏ కుర్రాణ్ని పెట్టాలన్నదానిపై తనకన్నా చాలా చిన్నవాడైన ప్రధానోపాధ్యాయుడు ఎర్నెస్టితో పెట్టుకున్న తగాదా ఏళ్లు సాగింది. ఇద్దరిలో ఎవరూ పెద్దరికం చూపలేదు.

ఆయన ఇంకా బతికుండగానే, 1749లో, వారసుడిగా హారర్‌కు పరీక్ష పెట్టేసింది సభ. అయినా బడి బాక్‌ను వదల్లేదు. ఆయన పోయాక భార్య అన్నా మాగ్దలేనా కీర్తన కాంటాటాల గాత్ర, వాద్య కాగితాలను బడికే అప్పగించింది. బెర్లిన్‌లో మెండెల్సన్ 1829లో ‘మత్తయి సువార్త శ్రమల గానం’ వినిపించాకే లోకం బాక్‌ను గుర్తించిందంటారు. అంతకు 40 ఏళ్ల ముందే, 1789లో లైప్జిగ్ వచ్చిన మోట్సార్ట్ ముందు ఆ బడి పిల్లలు బాక్ మోటెట్ ఒకటి పాడారు. పాడించింది బాక్ శిష్యుడు డోలెస్. మూల ప్రతి లేదు, విడి గొంతుల కాగితాలే ఉన్నాయన్నారట. మోట్సార్ట్ వాటిని మోకాళ్ల మీదా, రెండు చేతుల్లోనూ, పక్క కుర్చీల మీదా పరుచుకుని, అన్నీ చదివేదాకా లేవలేదని సంగీత రచయిత రోఖ్లిట్స్ రాశాడు.