కొలత, దోషం, యథార్థత: నిజామియా వేధశాల తారాపట్టికపై ఒక పరిశీలన

సంగ్రహం: దూరదర్శిని ప్రతిబింబ నాణ్యతను నేడు కంప్యూటర్‌లో అనుకరించి గణిస్తున్నారు. కటకదోషాన్ని అంకెలలో ఎంతవరకు పట్టుకోగలమన్నది అందులోని మూలప్రశ్న. ఆ ప్రశ్న నిజామియా వేధశాల ఛాయాచిత్ర ఫలకాలపై ఏ రూపంలో ఎదురైందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

1. నేపథ్యం

నవాబు జఫర్ జంగ్ 1901లో హైదరాబాదు ఫిసల్‌బండలో నెలకొల్పిన వేధశాల, ఆయన మరణానంతరం 1908లో నిజాం ప్రభుత్వ నిర్వహణలోకి వచ్చింది. 1887 నాటి పారిస్ సమావేశం తలపెట్టిన అంతర్జాతీయ తారాపట్టికలో, తొలుత శాంటియాగోకు కేటాయించిన దక్షిణ క్రాంతి 17°–23° మండలం హైదరాబాదుకు వచ్చింది. కోయిలకుంట్లలో నిలిచి చూస్తే ఈ మండలం దక్షిణాన సుమారు 52°–58° ఎత్తున మధ్యాహ్నరేఖను దాటుతుంది. అనూరాధ తారలలో రెండు ఇందులోనివే. ఆర్. జె. పోకాక్, తరువాత టి. పి. భాస్కరన్ సంచాలకత్వంలో 1914–1929 మధ్యకాలపు ఫలకాలపై దాదాపు 2,93,000 తారలను కొలిచారు.

2. చిన్న కటకం

పథకం నిర్దేశించిన కటకం 13 అంగుళాలు; హైదరాబాదుది 8 అంగుళాల కుక్ కటకం. ఫలకంపై 1 మిల్లీమీటరుకు 60 వికళలన్నది ఉమ్మడి నియమం. దానిని బట్టి నాభ్యంతరం సుమారు 3.44 మీటర్లు. నీలికాంతిలో వివర్తన పరిమితి 13 అంగుళాలకు 0.33 వికళలు, 8 అంగుళాలకు 0.53 వికళలు. ఇంతమాత్రం చేత హైదరాబాదు కొలతలు తక్కువరకమని తీర్మానించలేము. నాభ్యంతరం, రూపకల్పన ఒకటే అయితే, అక్షానికి దూరంగా ఉన్న తార తోకతో సాగినట్టు కనిపించే కోమా దోషం కటకవ్యాసపు వర్గాన్ని అనుసరిస్తుంది. చిన్న కటకంలో అది దాదాపు 38 శాతమే. పట్టికకు కావలసింది చుక్క కేంద్రస్థానం. దానిని జరిపేది ప్రతిబింబపు అసౌష్ఠవం. ఆ జరుగుడు ప్రకాశమానమైన తారలకు ఒకలా, మసక తారలకు మరొకలా ఉంటుంది. కనుక సవరణ ప్రకాశాన్ని బట్టి మారాలి.

3. అంకెలు, యథార్థత

నేటి కిరణగణనలో 3.44 మీటర్ల కాంతిమార్గాన్ని 7 అంకెల ఖచ్చితత్వంతో భద్రపరిస్తే, పక్కపక్క సంఖ్యల మధ్య ఎడమే సుమారు 240 నానోమీటర్లు. అది నీలికాంతి తరంగదైర్ఘ్యంలో సగానికి మించినది. 16 అంకెల గణన ఆ చిక్కును తీరుస్తుంది. అయితే గాజు వక్రీభవన గుణకాన్నో, తలపు వక్రతనో తప్పుగా తీసుకొంటే, ఆ 16 అంకెలూ తప్పునే సూక్ష్మంగా చెబుతాయి.

ఈ తారాపట్టిక సంపుటాలలో ఫలకంపై కొలిచిన నిరూపకాలనే అచ్చువేశారు. అందువల్లనే 1990లలో అమెరికా నావికాదళ వేధశాల కోమా, ప్రకాశాశ్రిత దోషాలను కొత్తగా లెక్కించి, ఇతర వేధశాలల కొలతలతో కలిపి 46 లక్షల తారల ఏసీ 2000 పట్టికను రూపొందించగలిగింది. 2000లో వెలువడిన టైకో-2 పట్టికలో సుమారు 25 లక్షల తారల స్వీయచలన నిర్ణయానికి అది పాత ఆధారమైంది.

4. ముగింపు

నిజామియా చరిత్రను దాత ఔదార్యంతో, కటకపు అంగుళాలతో కొలవడం పరిపాటి. ఆ ఫలకాలను తారతారగా కొలిచినవారి శ్రమ అందులో మరుగున పడుతోంది. వారి అంకెలు ముడిరూపంలో నిలిచినందువల్లనే తరువాతి తరం వాటి దోషాన్ని సవరించగలిగింది. అనుకరణ ఫలితాలను ప్రకటించే నేటి పరిశోధకుడు కూడా తుది చిత్రంతో పాటు తన ఆధారసంఖ్యలను, గణన పరిమితులను భద్రపరచవలసి ఉంటుంది.